గుండెకూ పంటికీ చుట్టరికం

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ఆరోగ్య ప్రసంగం పూర్తి పాఠం)



పెన్షనర్ల సభలో ఆరోగ్యం గురించి మాట్లాడమంటే బి.పి., షుగరు, మోకాళ్ళ నొప్పులు అనే మూడు స్తంభాల చుట్టూ తిరగడం ఆనవాయితీ. అవన్నీ మీరు నాకన్నా బాగా చెప్పగలరు. అందుచేత నేను వేరే అంశం ఎంచుకున్నాను. మనం పుట్టకముందు, తల్లి గర్భంలో మన గుండె, మన పళ్ళు ఎలా తయారయ్యాయో చెప్పదలచుకున్నాను. డెబ్బై ఏళ్ళు దాటాక ఆ పురాణం మనకెందుకని మీరు అనవచ్చు. రెండు కారణాలున్నాయి. ఒకటి, మన ఇళ్ళలో పుట్టబోయే మనవలకు, మునిమనవలకు, వారిని మోసే కోడళ్ళకు, కూతుళ్ళకు సంబంధించినది. రెండవది, అచ్చంగా మన వయసువారికే సంబంధించినది. రెండూ వరుసగా మనవి చేస్తాను.

పన్ను నొప్పి వస్తే ఒక డాక్టరు దగ్గరకు వెళతాం. గుండె దడ వస్తే ఇంకొకరి దగ్గరకు వెళతాం. ఆసుపత్రులు వేరు, ఫైళ్ళు వేరు. ఒకరి ఫైలు ఇంకొకరు చూడరు. అయితే గర్భంలోని పిండానికి ఈ శాఖల విభజన తెలియదు. అక్కడ పంటికీ, గుండెకూ పనిచేసే మేస్త్రీలు కొంతవరకు ఒకరే. వారికి ఉత్తర్వులిచ్చే అధికారులు కూడా కొంతవరకు ఒకరే.

వలస వెళ్ళే కణాలు

గర్భం ధరించిన మూడవ వారంలో పిండం వీపు వైపు ఒక గాడి ఏర్పడుతుంది. ఆ గాడి అంచులు రెండూ దగ్గరకు వచ్చి మూసుకుని గొట్టంలా అవుతాయి. మెదడు, వెన్నుపాము దానినుండే వస్తాయి. ఆ అంచుల మీద ఉండే కొన్ని కణాలు మాత్రం ఉన్నచోట ఉండవు. బయలుదేరి పిండం అంతటా వలసపోతాయి. వీటిని న్యూరల్ క్రెస్ట్ కణాలంటారు. 1868లో విల్‌హెల్మ్ హిస్ అనే శాస్త్రవేత్త కోడి పిండంలో వీటిని మొదటిసారి గుర్తించాడు. ఇవి ఎక్కడికి పోతాయో, ఏమవుతాయో తేల్చడానికి ఇంకో వంద సంవత్సరాలు పట్టింది.

ఫ్రాన్సులో నికోల్ లె దువారె అనే మహిళా శాస్త్రవేత్త 1969లో ఒక చక్కని ఉపాయం కనిపెట్టారు. సూక్ష్మదర్శినిలో చూస్తే కౌజుపిట్ట కణాలకూ, కోడి కణాలకూ తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఆమె కౌజుపిట్ట పిండంలోని ఆ కణాలను తీసి కోడి పిండంలో నాటారు. కొన్నాళ్ళ తరువాత కౌజు కణాలు ఎక్కడెక్కడ తేలాయో చూశారు. ముఖంలోని ఎముకలలో, నరాలలో, చర్మానికి రంగునిచ్చే కణాలలో అవి కనిపించాయి. అదే పద్ధతిని అమెరికాలో మార్గరెట్ కిర్బీ గుండెకు ఉపయోగించారు. తల వెనుక భాగం నుండి బయలుదేరే కణాలు గుండె దాకా ప్రయాణం చేస్తాయని 1983లో ఆమె బృందం ప్రకటించింది.

గుండె నుండి మొదట ఒకే పెద్ద రక్తనాళం బయటకు వస్తుంది. దాని మధ్య అడ్డుగోడ లేచి, ఒకటి శరీరానికి, ఒకటి ఊపిరితిత్తులకు వెళ్ళే రెండు నాళాలుగా విడిపోవాలి. ఆ గోడ లేవాలంటే ఈ వలస కణాలు చేరవలసిందే. కోడి పిండంలో ఆ కణాలను తొలగిస్తే గోడ లేవలేదు. మంచి రక్తం, చెడు రక్తం కలిసిపోయే ఒకే నాళం మిగిలింది. పిల్లల డాక్టర్లు పసిబిడ్డల్లో చూసే గుండె లోపాల్లో ఇదొకటి.

2000 సంవత్సరంలో రెండు పరిశోధన పత్రాలు వచ్చాయి. ఎలుకల్లో ఈ వలస కణాలకు చెరగని రంగు గుర్తు పెట్టి, అవి ఎక్కడికి చేరాయో చూశారు. ఒక పత్రం గుండె గురించి, రెండవది పళ్ళు, దవడ గురించి. పంటి పైనుండే పింగాణీ పూత, అంటే ఎనామిల్, నోటి పై పొర నుండి వస్తుంది. దాని కింద ఉండే డెంటిన్, లోపల జీవం ఉన్న గుజ్జు మాత్రం ఈ వలస కణాల నుండి వస్తాయి. అంటే బయలుదేరిన ఊరు ఒక్కటే. అన్నదమ్ముల్లో ఒకడు పంటికి, ఒకడు గుండెకు ఉద్యోగానికి వెళ్ళాడన్నమాట.

ఈ చుట్టరికం రోగుల్లోనూ కనబడుతుంది. 22వ క్రోమోజోములో ఒక చిన్న ముక్క లోపించి పుట్టే పిల్లలున్నారు. వారిలో చాలామందికి గుండె నుండి బయలుదేరే నాళాల్లో లోపం ఉంటుంది. అంగిలి లోపం ఉంటుంది. ఎనామిల్ సరిగా ఏర్పడకపోవడం కూడా ఎక్కువగా కనిపిస్తుంది. మూడు చోట్లా మూడు వేర్వేరు జబ్బులు అనిపిస్తాయి. మూలం ఒక్కటే.

పంటి మొగ్గ

పన్ను తయారీ పిండం ఆరవ వారంలో మొదలవుతుంది. ముందు చిగురు పొర లోపలికి మొగ్గలా దిగుతుంది. తరువాత టోపీ ఆకారం, ఆ పైన గంట ఆకారం వస్తాయి. పై పొర, కింది కణాలు ఒకదానితో ఒకటి కబుర్లాడుకుంటేనే ఈ పని సాగుతుంది. ఆ కబుర్లు నోటిమాటలు కావు. కొన్ని ప్రోటీన్లు ఒక పొర నుండి ఇంకొక పొరకు చేరుతుంటాయి. ఏ ప్రోటీను ఎప్పుడు తయారు కావాలో చెప్పేవి జన్యువులు.

1994లో బోస్టన్‌లో సతోకత, మాస్ అనే ఇద్దరు పరిశోధకులు ఎలుకల్లో ఎంఎస్ఎక్స్-1 అనే జన్యువును పనిచేయకుండా చేశారు. పంటి మొగ్గలు మొగ్గ దశలోనే ఆగిపోయాయి. పళ్ళు రాలేదు. అంతేకాక అంగిలి మధ్య కలవకుండా చీలి ఉండిపోయింది. పిల్లలు పుట్టగానే చనిపోయాయి.

అదే ప్రయోగశాలలో యీపింగ్ చెన్ అనే శాస్త్రవేత్త తరువాతి ప్రశ్న వేశారు. ఈ అధికారి సెలవులో ఉంటే, ఆయన పంపవలసిన ఉత్తర్వును మనమే అందిస్తే పని సాగుతుందా? ఆ ఉత్తర్వు బిఎంపి-4 అనే ప్రోటీను. దానిలో నానబెట్టిన చిన్న పూసలను ఆగిపోయిన పంటి మొగ్గ పక్కన పెట్టారు. 1996లో వెలువడిన ఫలితం ప్రకారం మొగ్గ మళ్ళీ కదిలింది, ఎదుగుదల ముందుకు సాగింది. తరువాత చెన్ న్యూ ఆర్లియన్స్‌లోని టులేన్ విశ్వవిద్యాలయంలో తన బృందాన్ని ఏర్పాటు చేసుకున్నారు. 2002లో ఆ బృందం ఇంకో అడుగు వేసింది. ఎంఎస్ఎక్స్-1 లేని ఎలుకలకు బిఎంపి-4ను జన్యు మార్గంలోనే అందించి, చీలిపోవలసిన అంగిలిని కలిపి చూపించింది.

మనుషుల్లోనూ ఇది నిజమే. 1996లో ఒక అమెరికా కుటుంబంలో తరతరాలుగా కొన్ని నమిలే పళ్ళు, జ్ఞానదంతాలు రాకపోవడానికి ఇదే జన్యువులోని మార్పు కారణమని తేలింది. 2000లో హాలెండు దేశంలోని ఒక కుటుంబంలో పళ్ళు రాకపోవడం, పెదవి, అంగిలి చీలికలు రెండూ కనిపించాయి. అక్కడా ఎంఎస్ఎక్స్-1లోనే మార్పు.

గ్రహణం మొర్రి అనే నింద

ఇక్కడ మొదటి కారణానికి వస్తున్నాను. పెదవి చీలి పుట్టిన బిడ్డను మన ప్రాంతంలో గ్రహణం మొర్రి అంటాం. ఆ పేరులోనే నింద ఉంది. గ్రహణం నాడు కోడలు బయటకు వచ్చిందనో, కత్తిపీట పట్టుకుందనో, నిద్రపోయిందనో ఇంట్లో పంచాయితీ మొదలవుతుంది. బిడ్డకు పాలు పట్టడం ఎలాగో తెలియక ఏడుస్తున్న ఇరవై ఏళ్ళ పిల్లను నలుగురూ నిలబెట్టి అడుగుతారు. ఆ నలుగురిలో పెద్దరికం మనదే. మనం ఒక్కమాట అంటే పంచాయితీ ఆగిపోతుంది. మనం మౌనంగా ఉంటే అది ఆమె జీవితాంతం వెంటాడుతుంది.

ప్రపంచంలో సుమారు ఏడువందల కాన్పులకు ఒక బిడ్డ పెదవి లేదా అంగిలి చీలికతో పుడుతోంది. గ్రహణం మాటే ఎరుగని దేశాల్లోనూ ఇంతే. బోస్టన్‌లో నాలుగు గోడల మధ్య పంజరంలో ఉన్న ఎలుకలకు గ్రహణం ఎవరు చూపించారు? ఒక జన్యువు పనిచేయకపోతే చాలు, అంగిలి చీలింది.

తేదీలు కూడా చూడండి. బిడ్డ గుండె గర్భం ధరించిన 22వ రోజు ప్రాంతంలోనే కొట్టుకోవడం మొదలుపెడుతుంది. అంటే నెల తప్పిందని తల్లి అనుమానపడే సరికి వారం తిరగకుండానే గుండె పనిలోకి దిగిపోతుంది. పై పెదవి ఏడవ వారానికల్లా కలిసిపోతుంది. అంగిలి మూడు నెలలు నిండేలోగా మూసుకుంటుంది. చాలామంది ఆడపిల్లలు మొదటిసారి డాక్టరును చూసేసరికే ముఖ్యమైన కట్టుబడి జరిగిపోయి ఉంటుంది. ఏడవ నెలలో వచ్చిన గ్రహణం అప్పటికే కలిసిన పెదవిని మళ్ళీ చీల్చలేదు.

ప్రతి చీలికకూ, ప్రతి గుండె లోపానికీ ఒకే జన్యువు కారణమని నేను చెప్పడం లేదు. చాలాసార్లు అనేక జన్యువులు, పరిసరాలు కలిసి పనిచేస్తాయి. గర్భిణి పొగ తాగడం, కొన్ని మూర్ఛ మందులు, అదుపులో లేని షుగరు, తొలి నెలల్లో సోకే రుబెల్లా వంటివి ప్రమాదాన్ని పెంచుతాయి. రుబెల్లా టీకాను మన దేశంలో 2017 నుండి తట్టు టీకాతో కలిపి పిల్లలకు ఇస్తున్నారు. పెళ్ళి కాబోయే ఆడపిల్లకు ఆ టీకా పడిందో లేదో ముందే తెలుసుకోవచ్చు. షుగరు, మూర్ఛ ఉన్న అమ్మాయి గర్భం కోసం ప్రయత్నించకముందే డాక్టరుతో మాట్లాడి మందులు సరిచేసుకోవాలి. తనంతట తాను మానేయకూడదు. ఫోలిక్ యాసిడ్ మాత్రలను కూడా వెన్నుపాము లోపాల నివారణకు గర్భానికి ముందునుండే వేసుకోమనడం ఇందుకే. నెల తప్పాక మొదలుపెడితే ఆ వెన్ను గొట్టం మూసుకునే సమయం దాటిపోవచ్చు.

బిడ్డ లోపంతో పుడితే మరొక మాట గుర్తుంచుకోండి. ఒక లోపం కంటికి కనిపిస్తే, కనిపించనిది ఇంకొకటి ఉందేమో చూడమని డాక్టరును అడగాలి. అంగిలి చీలిక ఉన్న బిడ్డకు గుండె పరీక్ష చేయించడం మంచిది. గుండె ఆపరేషను అయిన పిల్లవాడి పళ్ళను మొదటినుండీ కనిపెట్టి ఉండాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల్లో పెదవి, అంగిలి చీలికలు, పుట్టుకతో వచ్చే గుండె లోపాలు, పంటి సమస్యలు కూడా పరీక్షిస్తారు. అంగన్‌వాడీలో, ప్రభుత్వ పాఠశాలలో ఆ బృందం వచ్చినప్పుడు మనవణ్ణి ఇంట్లో దాచకండి.

అంగిలి నుండి గుండెకు

ఇప్పుడు మన వయసు సంగతి. టులేన్ బృందం అంగిలి మీద పనిచేస్తూ షాక్స్-2 అనే మరో జన్యువును పట్టుకుంది. 2005లో, అది లేని ఎలుకల్లో అంగిలి ముందు భాగంలో చీలిక వస్తుందని ప్రకటించింది. అయితే ఆ ఎలుక పిల్లలు పుట్టే దాకా కూడా బతకలేదు. అంగిలి చీలిక ఉన్నంత మాత్రాన గర్భంలో చనిపోరు. మరి ఎందుకు చనిపోయాయి? ఆ ప్రశ్న పళ్ళు, నోరు చూసుకునే ప్రయోగశాలను గుండె వైపు నడిపించింది.

మన గుండె కుడి పై గదిలో సైనస్ నోడ్ అని చిన్న కణాల కట్ట ఉంటుంది. 1907లో కీత్, ఫ్లాక్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్తలు దానిని కనుగొన్నారు. గుండె ఎప్పుడు కొట్టుకోవాలో చెప్పేది అదే. నిమిషానికి డెబ్బై చొప్పున లెక్క వేయండి, రోజుకు లక్షసార్లు అది గంట కొడుతుంది. దానికి రిటైర్మెంటు లేదు, ఆదివారం లేదు. అది అలసిపోయినవారికే మనం పేస్‌మేకరు పెట్టిస్తాం. శరీరం లోపల అమర్చే పేస్‌మేకరును మొదటిసారి 1958లో స్వీడన్‌లో ఆర్నె లార్సన్ అనే రోగికి పెట్టారు. ఆయన ఆ తరువాత 43 సంవత్సరాలు బతికి 2001లో పోయారు.

షాక్స్-2 లేని ఎలుక పిండాల్లో ఈ సైనస్ నోడ్ సరిగా ఏర్పడలేదు. గుండె నెమ్మదిగా కొట్టుకుంది. 2007లో జర్మనీ బృందం ఒకటి, 2009లో చెన్ బృందం ఈ సంగతి చూపించాయి. మామూలు గుండె కండరానికి ఎన్‌కెఎక్స్ 2-5 అనే జన్యువు అధికారి. గంట కొట్టే కణాల దగ్గర షాక్స్-2 ఆ అధికారిని పక్కకు తప్పించి, వాటిని గంట కొట్టే కణాలుగానే ఉంచుతుంది. మన పాత భాషలో చెప్పాలంటే షాక్స్-2 అనే అధికారికి అంగిలి శాఖ సొంతం, గుండె గంట శాఖకు పూర్తి అదనపు బాధ్యతలు. ఎఫ్.ఎ.సి. ఉత్తర్వు మనకు కొత్త కాదు. ప్రకృతి అంతకన్నా ముందే కనిపెట్టింది.

పెద్ద వయసులో దడ

పిట్ఎక్స్-2 అనే ఇంకొక అధికారి కూడా ఇలాంటివాడే. 1996లో అమెరికాలోని అయోవాలో, కొన్ని పళ్ళు రాకపోవడం, కళ్ళలో లోపం కలిసి వచ్చే రీగర్ జబ్బుకు కారణం వెతుకుతూ ఈ జన్యువును కనుగొన్నారు. రెండు సంవత్సరాలు తిరిగేసరికి అదే జన్యువు గుండెలో ఎడమ, కుడి తేడాను నిర్ణయిస్తుందని తెలిసింది. గంట కుడి వైపే ఉండాలి. ఎడమ వైపు గంట తయారు కాకుండా కాపలా కాసేది పిట్ఎక్స్-2. ఎలుకల్లో ఆ కాపలా తీసేస్తే ఎడమ పై గదిలో కూడా గంట కొట్టే లక్షణాలు మొలిచాయి.

2007లో ఐస్‌లాండ్ శాస్త్రవేత్తలు వేలమంది జన్యువులను పరిశీలించారు. వయసు మీదపడ్డాక వచ్చే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే గుండె దడ కొందరికే ఎందుకు వస్తుందని వెతికారు. అన్నింటికన్నా బలమైన గుర్తు ఈ పిట్ఎక్స్-2 పక్కనే దొరికింది. పంటి డాక్టర్ల పుస్తకంలో ఉన్న జన్యువు, ముసలివారి గుండె దడ దగ్గర తేలింది!

ఈ దడలో గుండె పై గదులు తాళం తప్పి వణుకుతాయి. తాళం తప్పించే సంకేతాలు చాలాసార్లు ఊపిరితిత్తుల నుండి ఎడమ పై గదికి వచ్చే రక్తనాళాల మూలాల్లో పుడతాయని 1998లో ఫ్రాన్సులోని బోర్డో డాక్టర్లు చూపించారు. సరిగ్గా ఆ నాళాల చుట్టూ ఉన్న కండరంలో షాక్స్-2, ఎన్‌కెఎక్స్ 2-5ల మధ్య అదే లాగుడు సాగుతుందని 2015లో చెన్ బృందం ప్రకటించింది. గర్భంలో కుదిరిన ఒప్పందం బలహీనంగా ఉంటే, డెబ్బై ఏళ్ళకు ఆ తగువు బయటపడవచ్చునని దీన్ని బట్టి పరిశోధకులు భావిస్తున్నారు.

మనం చేయవలసింది

వణికే గదిలో రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. ఈ దడ ఉన్నవారికి పక్షవాతం ముప్పు సుమారు అయిదు రెట్లు. చిక్కేమిటంటే కొందరికి దడ తెలియనే తెలియదు. కాబట్టి నెలకోసారి మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నిండు నిమిషం లెక్కపెట్టండి. అంకె ఎంత అన్నదే కాదు, తాళం సమంగా ఉందా లేదా చూడండి. తాళం తప్పుతూ ఉంటే ఇ.సి.జి. తీయించండి. రక్తం గడ్డకట్టకుండా మందులున్నాయి, వాటితో ముప్పు బాగా తగ్గుతుంది.

ఆ మందులు వాడేవారు పన్ను తీయించుకునే ముందు దంతవైద్యునికి తప్పక చెప్పాలి. రక్తం కారుతుందన్న భయంతో సొంతంగా మందు ఆపకూడదు. ఆపాలో వద్దో ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని చెబుతారు. అలాగే కృత్రిమ కవాటం ఉన్నవారు, ఇదివరకు గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్ వచ్చినవారు, కొన్ని రకాల పుట్టు లోపాలున్నవారు పంటి చికిత్సకు ముందు యాంటీబయోటిక్ వేసుకోవలసి ఉంటుంది. చిగుళ్ళ నుండి సూక్ష్మజీవులు రక్తంలోకి వెళ్ళి కవాటం మీద చేరవచ్చు. అందరికీ ఇది అక్కర్లేదు. పళ్ళు, చిగుళ్ళు శుభ్రంగా ఉంచుకోవడం మాత్రం అందరికీ అవసరం.

ఇంకొక సత్యం కూడా చెప్పాలి. పంటికీ, గుండెకూ ఉన్న చుట్టరికం మరమ్మతు విషయంలోనూ ఉంది. 1963కు ముందు జరిగిన అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో ఒక రకం కార్బన్ పెరిగి, తరువాత క్రమంగా తగ్గింది. స్టాక్‌హోమ్ పరిశోధకులు 2005లో పంటి ఎనామిల్‌లో ఆ కార్బన్‌ను కొలిచి మనిషి పుట్టిన సంవత్సరాన్ని దగ్గరగా చెప్పగలిగారు. ఎనామిల్ ఒకసారి తయారయ్యాక మళ్ళీ మారదు కనుక అది సాధ్యమైంది. అదే కొలతతో 2009లో గుండె కండరాన్ని చూశారు. ఇరవై అయిదేళ్ళ వయసులో ఏడాదికి నూటికి ఒక కణం, డెబ్బై అయిదేళ్ళకు అందులో సగం కన్నా తక్కువ కొత్తగా వస్తోందని తేలింది. అంటే మన గుండె కండరంలో సగానికి పైగా కణాలు పుట్టుకతో వచ్చినవే. పాత యంత్రంతోనే బండి నడపాలి.

కొత్త పళ్ళు మొలిపించే మందు వస్తోందని పత్రికల్లో చదివి కొందరు నన్ను అడిగారు. నిజమే, జపాన్‌లో బిఎంపికి అడ్డుపడే ఒక ప్రోటీనును ఆపి, ఎలుకల్లో పళ్ళు మొలిపించినట్లు 2021లో ప్రకటించారు. 2024లో క్యోటోలో మనుషులపై మొదటి దశ పరీక్షలు ప్రారంభించారు. ఆ దశలో చూసేది మందు వల్ల హాని ఉందా లేదా అన్నదే. తరువాతి దశల్లో కూడా ముందు పుట్టుకతో పళ్ళు లేని పిల్లల కోసమే ఆలోచన. కట్టుడు పళ్ళు అప్పుడే అటక మీద పెట్టకండి.

మిత్రులారా, పంటి మొగ్గ ఎందుకు ఆగిపోయిందని ఒకరు అడిగిన ప్రశ్న, ముప్పై ఏళ్ళలో మన నాడి దాకా వచ్చింది. దానినుండి మనం ఇంటికి తీసుకువెళ్ళవలసినవి రెండే మాటలు. నాడి చూసుకోండి. కోడల్ని నిందించకండి. మొదటిది మన ప్రాణానికి, రెండవది ఇంకొకరి బతుకుకు.